మా సవక తోటలో సున్నం బొట్లు

చిట్టమూరు దగ్గర మా అక్క వాళ్ళింట్లో మనవరాలికి చెవులు కుట్టించారు. ఆ పనికి వెళ్ళి నాలుగు రోజులుండి వచ్చాను. వచ్చిన మరునాడు పొద్దున్నే పొయ్యిలోకి రాలిన ఆకు ఊడ్చుకుందామని తోటకు వెళితే, మొదటి వరసలోనే ఒక చెట్టుకు తెల్లటి బొట్టు కనిపించింది. పక్షి రెట్ట అనుకున్నాను. కొన్ని చెట్లు దాటాక ఇంకొకటి. పక్క వరసలో మరొకటి. అన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయి, సరిగ్గా నా రొమ్ము ఎత్తులో. పక్షులు అట్లా కొలిచి రెట్ట వేయవు.

గోటితో గీకి చూశాను. సున్నం. బాగా ఎండి ఉంది. అంటే నేను ఊళ్ళో లేనప్పుడు పెట్టారు.

మా వైపు తోటల్లో సున్నం బొట్టుకు ఒకటే అర్థం. బేరగాడు వచ్చి తోట చూస్తాడు. ధర కుదిరితే అడ్వాన్సు చేతిలో పెట్టి, సున్నంలో వేలు ముంచి అక్కడక్కడ కొన్ని చెట్లకు అద్దుతాడు. ఈ తోట మాట అయిపోయిందని అందరికీ తెలియడానికి. ఆ తర్వాత ఇంకో బేరగాడు ఆ తోటలో కాలు పెట్టడు. పెడితే వాళ్ళలో వాళ్ళకు తగాదా.

మా తోటను నేను అమ్మలేదు.

ఊడ్చే పని మానేసి వరసల మధ్య తిరిగాను. తోట నడిమధ్యలో కాలికి ఏదో తగిలింది. ఆకు కింద మొద్దు. ఒక చెట్టును నేలకు సమానంగా నరికి, ఎవరికీ కనపడకుండా పైన ఆకు కప్పారు. గాలికి రాలిన ఆకు అట్లా కుప్పగా పడదు. చేత్తో తెచ్చి పోసిన ఆకు ఎట్లా ఉంటుందో నాకు తెలుసు, నేను రోజూ చేసే పనే అది.

పుస్తకాల్లో సరుగుడు అని రాస్తారు, మేము సవక అంటాం. మాది ఎకరన్నర ఇసుక నేల. ఒక పక్క సముద్రపు దిబ్బలు, ఇంకో పక్క వరి చేలు. వరి పండని నేల కాబట్టి మా మామ మాకు పంచి ఇచ్చాడు. అందులో మా ఆయన దొరువు తవ్వాడు. దొరువంటే ఇసుకలో తవ్విన పల్లపు గుంట, పెద్ద లోతుండదు. సముద్రం హోరు వినపడేంత దగ్గరున్నా అందులో నీళ్ళు తియ్యగా ఉంటాయి. సవక మొక్క నాటాక రెండు ఎండాకాలాలు ఆ నీళ్ళు కడవలతో మోసి పోయాలి. దొరువులోకి దిగి, రెండు చేతులా రెండు కడవలు ముంచి, ఇసుకలో కాలు దిగబడుతుంటే గట్టెక్కి, మొక్క మొక్కకూ పోయాలి. తర్వాత చెట్టు తన బాగు తానే చూసుకుంటుంది. నాలుగో ఏడో ఐదో ఏడో కోతకొస్తుంది. నరికి, మొద్దులు పెరికి, మళ్ళీ నాటుతాం. మా ఇద్దరి పెళ్ళైన కాలం మొత్తం ఈ కోతల మధ్యనే గడిచింది.

ఈసారి కోత తర్వాత మళ్ళీ నాటుతామా లేదా అన్నది అప్పటికి తేలలేదు. మా తోటకు దక్షిణం వైపు చేలు రొయ్యల గుంటలైపోయాయి. ఆ గుంటల యజమాని అల్లూరు మనిషి. మోటారు సైకిలు మీద వచ్చి మా గట్టు మీద నిలబడి, సవక కోసేశాక నేల కౌలుకివ్వమని అడుగుతూ ఉండేవాడు. ఏడాదికేడాది డబ్బులిస్తాడు, మేము చేయాల్సిన పనేమీ ఉండదు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ గుంటల పక్కనున్న వేరేవాళ్ళ దొరువులో నీళ్ళు నేను నోట్లో పోసుకుని చూశాను. ఉమ్మేశాను. పొక్లెయిన్ వచ్చి ఇసుక తవ్వి ఉప్పునీళ్ళు పెట్టాక ఆ నేలలో మళ్ళీ మొక్క లేవదని నా భయం.

అందుకని ఆ బొట్లు చూడగానే నాకు కర్ర అమ్మకం ఒక్కటే తోచలేదు. కర్ర వెనక పొక్లెయిన్ కనిపించింది.

అనుమానం మా కొడుకు మీదికి పోయింది. వాడు ఎలక్ట్రీషియను. అల్లూరు చుట్టూ గుంటల్లో ఏరేటర్లు బాగు చేస్తాడు, రొయ్యలకు గాలి కలిపే ఆ చక్రాలుంటాయే, అవి. వాడి కూడు అక్కడిది. తోట మాటెత్తితే, నాలుగేళ్ళకోసారి వచ్చే డబ్బును నెలలకు పంచి చూడు, నీ ఆకు ఊడ్చే కూలి కూడా రాదు అనేవాడు. గుంటల యజమాని వాడికి ఫోన్ చేస్తాడని నాకు తెలుసు.

వాణ్ణి వెంటనే అడగలేదు. అడిగితే అబద్ధం చెప్పే వీలు మనమే కల్పించినట్టు. ముందు నేను తెలుసుకోవాలి, తర్వాత అడగాలి. ఫోన్ మోగితే వాడు బయటికెళ్ళి మాట్లాడుతున్నాడు. అంతకు ముందు కూడా బయటికే వెళ్ళేవాడేమో, నేను గమనించి ఉండను. కోడలు వంటింట్లో ఊరికే నవ్వుకుంటోంది. వాడి కాళ్ళకు కొత్త చెప్పులు వచ్చాయి. అడ్వాన్సు తీసుకున్న మనిషి కొనే మొదటి వస్తువు చెప్పులేనా అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. పొదుపు సంఘంలో సాయంత్రం పూట నేర్పిస్తే నేర్చుకున్నాను. అందుకని ఏ కాగితాన్నయినా రెండుసార్లు చదువుతాను. మొదటిసారి అందులో ఏముందో తెలుసుకోవడానికి, రెండోసారి ఏం దాచారో చూడడానికి. అమ్మకం జరిగితే ఎక్కడో ఒక కాగితం ఉంటుందని వాడి చొక్కా జేబులు వెతికాను. మడత పెట్టిన చీటీ దొరికింది. అరుగు మీద వెలుతురులో కూర్చుని కూడబలుక్కుని చదివితే రాగి తీగ, స్విచ్చి, టేపు అని ఉంది. రెండోసారి చదివినా రాగి తీగే. మడత పెట్టి జేబులోనే పెట్టేశాను.

పక్కింటామె నీళ్ళ పంపు దగ్గర కలిసింది.

"ఏం వదినా, తోట అమ్మేసినారంట. మాకో మాట చెప్పుంటే మా తమ్ముడు సెంట్రింగు కర్రలకి కొనేవాడు గదా."

"ఎవురు చెప్పినారు నీకు?"

"ఎవురో చెప్పేదెందుకు? చెట్టుకి బొట్టు పెట్టి నా నోరు మూసేదానికి చూస్తే ఎట్టా," అని నవ్వి బిందె ఎత్తుకుని పోయింది.

మా దగ్గర రెండు కోతలుగా కర్ర కొంటున్న బేరగాడికి ఫోన్ చేశాను. అమావాస్య దాటాక వస్తానన్న మనిషి, రాలేదు. బొట్టు పడిన తోటలోకి తాను రానన్నాడు. వేరేవాళ్ళకి ఇచ్చుకున్నారంటే తనకేం కోపం లేదన్నాడు. గొంతులో కోపం ఉంది. మేము ఎవరికీ ఇవ్వలేదని చెప్పాను. అయితే బొట్లు ఎట్లా వచ్చాయని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. జవాబు లేని మనిషి మాట ఎవరు నమ్ముతారు? నేనైతే నమ్మను.

మా ఆయన అనుమానపు మనిషి కాదు. ఆయన వంతు అనుమానం కూడా నేనే పడుతుంటాను. బొట్ల సంగతి ఆయనకు మొదటి రోజే చెప్పాను. అరుగు మీద కూర్చుని మోకాళ్ళకు నూనె రాసుకుంటున్నాడు. ఎవురో పిలకాయలు పూసుంటార్లే అన్నాడు. నరికిన మొద్దు సంగతి చెప్పాను. కట్టెలకని ఎవురన్నా కొట్టుకుపోయుంటారు అన్నాడు. కట్టెలకు కొట్టుకుపోయేవాడు పైన ఆకు ఎందుకు కప్పుతాడని అడిగాను. నూనె చాలదని లోపలికి వెళ్ళాడు. సీసా ఆయన పక్కనే ఉంది.

అది నేను చూశాను. చూసి కూడా పట్టించుకోలేదు. మనసంతా కొడుకు మీద పెట్టుకుని ఉన్నాను.

ఇంక ఆగలేక ఒక రాత్రి అన్నాల దగ్గర కొడుకును అడిగేశాను. ఎవరి దగ్గర తీసుకున్నావు, ఎంత తీసుకున్నావు అని. వాడికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"నేను ఎవురి దగ్గరా తీసుకోలేదు మా."

"మరి బొట్లు?"

"నాకు తెలవదు. అమ్మాలంటే నిన్నడిగే అమ్మతా. నువ్వు ఒప్పుకోవని అమ్మలేదు. నువ్వు ఒప్పుకొనుంటే ఎప్పుడో అమ్మేసుండేవాణ్ణి, అది నిజం."

అంత ఉన్నదున్నట్టు చెప్పేసరికి నాకు అనుమానం ఇంకా పెరిగింది. నిజం చెప్పేవాడు ఇంత బాగా చెప్పడు అనిపించింది. ఆ మాట పైకే అన్నాను. వాడు కంచంలో చెయ్యి కడిగేసి లేచిపోయాడు. కోడలు నా వైపు చూడలేదు. మా ఆయన తల దించుకుని ఒకే ముద్దను కలుపుతూ ఉన్నాడు. చారులో అన్నం ముద్దకు రాకుండా పోయేదాకా కలిపాడు.

ఆ ఆదివారం మా ఆయన పొద్దున్నే గడ్డం గీసుకున్నాడు. పెళ్ళికో చావుకో తప్ప ఆయన చేత గడ్డం గీయించడం నా వల్ల ఎప్పుడూ కాలేదు. తర్వాత వేపచెట్టు కింద మంచం వాల్చి, దాని మీద ఉతికిన దుప్పటి పరిచాడు. ఎవరొస్తున్నారని అడిగాను. ఎవరూ రాలేదన్నాడు. రాలేదన్నాడు గానీ రారు అనలేదు.

కాసేపటికి స్కూటరు మీద ఒక పెద్దమనిషి వచ్చాడు. కోవూరు ఆయన. అటవీ శాఖలో పనిచేసి రిటైరయ్యాడట. ఇప్పుడు ఎవరైనా పిలిస్తే వాళ్ళ తోటలు కొలిచి, కర్ర ఎంత బరువు తూగుతుందో, తోట పెట్టడం లాభమో నష్టమో చెప్తాడట. మా ఆయన్ని చూసి, "అన్నా, లెక్క తేలింది," అన్నాడు. నన్ను చూసి, ఊరి నుంచి వచ్చేశారా అని పలకరించాడు. నేను ఊరికి వెళ్ళిన సంగతి ఆయనకు తెలుసు.

బొట్లు మీరు పెట్టినవేనా అని అడిగాను. అవునన్నాడు. ప్రతి వరసలో కొన్ని చెట్లకు రొమ్ము ఎత్తులో టేపు చుట్టి లావు కొలిచాడట. కొలిచిన చెట్టునే మళ్ళీ కొలవకుండా సున్నం గుర్తు పెట్టుకున్నాడట. ఒక చెట్టును నరికి ముక్కలు తూకం వేశాడట. సర్కారు తోటల్లో ఎప్పుడూ అట్లాగే చేసేవాడట. అక్కడ బేరగాళ్ళు రారు కాబట్టి బొట్టుకు మా ఊళ్ళో ఇంకో అర్థం ఉందని ఆయనకు తెలియదు. నేను చెప్పాక ఆయన ముఖం మాడిపోయింది. ఇప్పుడే గీకేస్తానని లేచాడు. వద్దన్నాను. ఉన్నవి గీకితే, ఎందుకు గీకారని ఇంకో కథ పుడుతుంది.

అయినా ఆయనకు తెలియకపోతే మా ఆయనకు తెలుసు కదా. ఇన్ని రోజులు కొడుకును నేను దొంగను చూసినట్టు చూస్తుంటే నోరు మెదపలేదు. మొద్దు మీద ఆకు కప్పింది ఎవరో అప్పుడు అర్థమైంది. ఆయన వైపు చూశాను. ఆయన మంచం మీది దుప్పటి ముడతలు సవరిస్తున్నాడు.

లెక్క తోటలోనే చెప్పమన్నాను. ఇంట్లో చెప్తే పక్కింటామె వింటుంది. అందరం వెళ్ళాం. మా కొడుకు కూడా వచ్చి చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డాడు. కోవూరు ఆయన కాలితో ఆకు పక్కకు నెట్టి, ఒక పుల్ల తీసుకుని ఇసుకలో రాయడం మొదలుపెట్టాడు. పెద్ద పెద్ద అక్షరాలు రాయమన్నాను. నాకు చిన్నవి కూడబలుక్కోవడానికి ఆలస్యమవుతుంది, ఆ లోపల మనిషి ముందుకు వెళ్ళిపోతాడు.

పైన కర్ర మీద రావలసింది రాశాడు. అది నేను అనుకున్నదానికంటే ఎక్కువే. ఇంతకు ముందు రెండు కోతలూ మేము తోటను గుత్తగా, కంటి చూపు మీద అమ్మాం. తూకం మీద అమ్మి ఉంటే ఇంకా వచ్చేదేమో అన్నాడు. ఫోన్లో కోపపడ్డ బేరగాడు గుర్తొచ్చాడు. కోతకొచ్చినప్పుడల్లా మా ఇంట్లో మజ్జిగ తాగి నన్ను అమ్మా అని పిలిచే మనిషి. అనుమానించాల్సిన వాళ్ళలో ఆయన్ని ఎందుకు చేర్చలేదో నాకు తెలియదు. చేర్చాను.

తర్వాత కింద తీసేయాల్సినవి ఒక్కొక్క గీతగా రాశాడు. మొక్కలు. ఎరువు. నరికే కూలి, బండి. దాని కింద ఇంకో గీత రాసి, ఇది మీరు చేసిన పనికి కూలి అన్నాడు. దాని కింద మరొకటి రాసి, ఇది భూమి కౌలు అన్నాడు. అన్నీ తీసేసి అడుగున నష్టం అని రాశాడు.

కౌలు ఎవరికి కట్టామని అడిగాను. మీకు మీరే కట్టుకున్నట్టు అన్నాడు. గుంటకిచ్చి ఉంటే ఏడాదికింత వచ్చేది, తోట పెట్టినందువల్ల అది రాలేదు, కాబట్టి తోట ఖర్చులో అది కూడా చేరుతుంది అని ఓపిగ్గా చెప్పాడు. లెక్కలో అట్లాగే చూడాలట.

నేను ఆలోచించాను. రాని డబ్బు పోయిందని రాస్తే ఎవరి తోటైనా నష్టమే తేలుతుంది. ఇట్లాంటి గీత ఒకటి గీసుకుంటే మనిషి పుట్టడం కూడా నష్టమని చూపించొచ్చు. ఈ గీత గుంటల యజమాని చెప్పి రాయించాడేమో అని కూడా అనిపించింది. కాలు చాపి ఆ గీతను తుడిచేశాను. ఇసుక కదా, ఒక్క తుడుపుకు పోయింది. కోవూరు ఆయన కొంచెం నవ్వాడు. దాని పైన ఉన్న కూలి గీత మీదికి కాలు జరిపాను. అది కూడా అట్లాంటిదే. మాకు మేము కూలి ఇచ్చుకున్నదెప్పుడు?

"దాన్ని తుడపబాక," అన్నాడు మా ఆయన.

ఆయన అంత గట్టిగా మాట్లాడగా నేను ఎప్పుడో విన్నాను. కాలు వెనక్కి తీసుకున్నాను.

"ఆ గీత నేనే రాయమంటిని," అన్నాడు. "ఈయన్ని పిలిపించింది నేనే. నువ్వు చిట్టమూరు పోయినప్పుడే రమ్మంటిని."

"నాకు చెప్పకుండానా?"

"చెప్తే ఏమంటావో నాకు తెలవదా? నేను మోస్తాలే అంటావు. నీ నడుం సంగతి నువ్వు దాచినా నాకు తెలవదా?" ఒక చెయ్యి మోకాలి మీద పెట్టుకున్నాడు. "రెండు ఎండాకాలాలు దొరువులోకి దిగి ఎక్కేది ఇంక నా వల్ల కాదు. పోయినసారే గట్టు మీద కూలబడి లేచినా. ఎవురికీ చెప్పలా. నేను చెప్తే అలుపు అంటావు. లెక్క చెప్తే ఇంటావు."

నాకు కోపం రాలేదని చెప్పను. ముసలితనాన్ని సున్నం బొట్ల వెనక దాచి, కొడుకును నాకు అప్పగించి, తాను నూనె సీసా వెతుక్కుంటూ కూర్చున్న మనిషి. కానీ ఆ గీత వైపు చూస్తే అందులో ఆయన కడవలే కాదు, నావి కూడా ఉన్నాయి. పెళ్ళైన కొత్తలో గాజులు చిట్లిపోతాయని తీసి తాటిమట్టకు గుచ్చి మోసిన కడవలు, బిడ్డ కడుపులో ఉండగా మోసినవి. ఇన్నేళ్ళలో ఎవరూ వాటిని ఎక్కడా రాయలేదు. ఆయన ఒక్కడు రాయమన్నాడు. తుడవడానికి నాకు కాలు రాలేదు.

"కూలి గీత ఉండనీ," అన్నాను. "కౌలు గీత మాత్రం వద్దు."

కోవూరు ఆయన అడుగున ఉన్న నష్టాన్ని చెరిపేసి మళ్ళీ లెక్క వేశాడు. మిగిలేది ఉంది, తక్కువ ఉంది. కూలి మనుషులకు ఇచ్చేస్తే అంతే మిగులుతుంది అన్నాడు. కౌలు గీత ఉంచాలా తుడవాలా అన్నది తాను చెప్పగలిగింది కాదని, ఎప్పుడూ ఉంచే రాస్తామని అన్నాడు. దొరువు నీళ్ళు చేదుకుని తాగి, బాగున్నాయన్నాడు. వాటికి గీత లేదా అని అడిగాను. ఆలోచించి, లేదన్నాడు.

అంత కొంచెం మిగులుకు నాలుగేళ్ళు కాపలానా అని మా ఆయన గొణిగాడు. అప్పటిదాకా దూరంగా నిలబడ్డ మా కొడుకు దగ్గరికి వచ్చాడు.

"కడవలెందుకు నాయనా? గుంటల కాడ పాత మోటారొకటి పడుండాది. బాగు చేసి పైపు వేస్తా."

వాడు ఇంత తొందరగా ఎందుకు ఒప్పుకున్నాడా అని వాడి ముఖంలోకి చూశాను. వాడికి అర్థమైంది.

"అట్ట చూడబాక మా. దొంగ సొత్తు కాదులే, రసీదు కూడా ఇస్తా. రెండుసార్లు చదువుకో."

కోడలు చెప్పి ఉండాలి. నేను జేబులు వెతకడం చూసి ఉంటుంది.

మా ఆయన సరే అనలేదు, వద్దనీ అనలేదు. ఈ ఒక్క కోతకు నాటి చూద్దాం అన్నాను. తల ఊపాడు. ఆయన తల ఊపడంలో అవును ఎంతో నాకు ఈనాటికీ తెలియదు.

బేరగాళ్ళు రాలేదు కాబట్టి కర్రను మేమే తూకానికి వేశాం. అల్లూరు దారిలో ఉన్న లారీల కాటాకు నేనూ వెళ్ళాను. డ్రైవరు పక్కన కూర్చుంటానంటే నా బరువు కూడా కర్రలో కలుస్తుందని నవ్వాడు. ఖాళీ లారీ తూచినప్పుడు నువ్వు సీట్లో ఉన్నావా కిందికి దిగావా అని వాణ్ణి అడిగాను. నవ్వు ఆపి, దిగానన్నాడు. ఇప్పుడు కూడా దిగమన్నాను. దిగాడు. తూకం కోవూరు ఆయన చెప్పినదానికి కొంచెం తగ్గింది, పాత గుత్తలకంటే పెరిగింది. నరికాక రెండు రోజులు ఎండలో ఉంది కదా, ఆరి తగ్గి ఉంటుందని ఆయన ఫోన్లో చెప్పాడు. అయి ఉండొచ్చు. కాటాది తప్పో టేపుది తప్పో నేను ఇంకా తేల్చుకోలేదు.

సముద్రం వైపు రెండు వరసలు కొట్టకుండా ఉంచాం, గాలికి అడ్డంగా. వాటి మీద కోవూరు ఆయన బొట్లు అట్లాగే ఉన్నాయి. వానలు మొదలవగానే మళ్ళీ నాటాం. ఎండలు ముదిరాక ఇద్దరు ఆడవాళ్ళను కూలికి పెట్టుకున్నాం. మా కొడుకు మోటారు ఆడింది. కానీ దొరువు నీళ్ళను మోటారు గుక్కన తాగేస్తుంది. మళ్ళీ ఊరేదాకా ఆపాలి. ఆపడానికీ వేయడానికీ మా ఆయన గట్టు మీద స్టూలు వేసుకుని కూర్చునేవాడు. మొక్కలకు నీళ్ళు ఎక్కువ పోస్తున్నారని, తక్కువ పోస్తున్నారని ఆ ఆడవాళ్ళను ఊరికే ఉండనిచ్చేవాడు కాదు. ఒకామె, నువ్వే వచ్చి పొయ్యి పెదనాయనా, మేము స్టూలు మీద కూసుంటాం అంది. నేను వాళ్ళ కూలి ఇచ్చేటప్పుడు ఆయన పక్కకు తిరిగేవాడు.

గుంటల యజమాని మోటారు సైకిలు ఆ గట్టు దగ్గర ఆగడం నేను రెండు మూడు సార్లు చూశాను. దూరం నుంచి ఇద్దరూ తలలు ఊపుకుంటూ కనిపించేవారు. నేను వెళ్ళేసరికి బండి వెళ్ళిపోయేది. ఏం మాట్లాడాడని అడిగితే వానల గురించి అనేవాడు. ఎండాకాలంలో వానల గురించి అంతసేపు ఏముంటుంది?

ఒకరోజు ఆ యజమాని నన్నే ఆపాడు. దిబ్బ వైపు వరసలకు బొట్లు కనిపిస్తున్నాయి, ఎవరికిచ్చారని అడిగాడు.

"మాట అయిపోయింది," అన్నాను.

"చెట్లకా అక్కా, నేలకా?"

నేను తోట వైపు నడిచాను. వెనక బండి స్టార్టు కావడానికి చాలాసేపు పట్టింది. ఆ తర్వాత కొన్నాళ్ళు ఆయన మా గట్టు మీద ఆగలేదు. ఎవరో పెద్ద ఆసామీ ముందే అడ్వాన్సు ఇచ్చాడని ఊళ్ళో అనుకుంటున్నట్టు పక్కింటామె చెప్పింది. ఎవరు వదినా అని నన్నే అడిగింది.

కానీ ఎండకూ వానకూ సున్నం నిలవదు. నాటినప్పటి వానలకే బొట్లు సగం వెలిశాయి. మొన్న పెద్ద వాన కురిసింది. బొట్లు పోయి ఉంటాయి, గుంటల యజమాని చూస్తే మళ్ళీ మొదలుపెడతాడు, మా ఆయన ఈసారి ఏమంటాడో అని రాత్రంతా నాకు గుబులుగానే ఉంది. పొద్దున్నే కొంచెం సున్నం తడిపి డబ్బాలో పోసుకుని తోటకు వెళ్ళాను. కొత్త మొక్కలు నా నడుము దాటాయి. వాటి మధ్యనుంచి దిబ్బ వైపుకు వెళ్ళి చూస్తే, బొట్లు తెల్లగా ఉన్నాయి. ముందటికంటే తెల్లగా ఉన్నాయి. కొన్ని రొమ్ము ఎత్తులో లేవు, కిందికి ఉన్నాయి, స్టూలు మీద కూర్చున్న మనిషికి చెయ్యి అందేంత ఎత్తులో.

ఇంటికి వచ్చి, తోటకు ఎవరైనా వెళ్ళారా అని మా ఆయన్ని అడిగాను. తనకు తెలియదన్నాడు. మోకాళ్ళకు నూనె రాసుకుంటున్నాడు. నేను నూనె సీసా తీసి ఆయన చేతికిచ్చాను. అందుకున్న చేతి వేళ్ళ సందుల్లో తెల్లగా ఉంది.